గాల్లో అమ్మ గొంతు

దోహాలోని అల్ సద్‌లో మేము ఇరవై ఏళ్ళకు పైగా ఉన్న ఫ్లాటు ఈ మధ్యనే ఖాళీ చేశాం. అమ్మానాన్నలు ఊరి చివర అల్ వుకైర్‌లో నా దగ్గరికి వచ్చి ఉండడానికి ఒప్పుకున్నారు. అమ్మ బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాక ఇక ఒప్పుకోక తప్పలేదు. సామాన్లు సర్దుతుంటే వంటింటి పై అరలో, పాత కుక్కరు వెనకాల, నా స్కీ బూట్లు కనిపించాయి. దించి బకిల్ విప్పగానే గుప్పున వాసన వచ్చింది. రబ్బరు, ఎండిపోయిన చెమట, నాచు, వాటన్నిటి అడుగున ఇసుక. నలభైకి దగ్గరపడుతున్న మనిషిని. పిల్లలకు ట్రాంపొలిన్ మీద గెంతడం నేర్పి సంపాదించుకుంటున్న మనిషిని. అయినా ఆ వాసన తగలగానే నా అరికాళ్ళు చల్లబడ్డాయి. అమ్మ గుమ్మంలోంచి చూసింది. "అవెందుకు తీశావే బయటికి? లోపల పెట్టెయ్," అంది. "ఇల్లే ఖాళీ చేస్తున్నాం కదమ్మా, ఏ లోపల పెట్టను?" అన్నాను. "నా కంటికి కనపడకుండా ఎక్కడో అక్కడ పెట్టు," అని, తేలును చూసినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

నేను స్కీయింగ్ చేసేదాన్నంటే కొత్తవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత "ఖతార్‌లోనా?" అంటారు, ఆ తర్వాత "ఎంత ధైర్యమండీ మీకు" అంటారు. ఈ మూడో మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ధైర్యం ఏనాడూ లేదు. నా ఆట పేరు ఏరియల్స్. మంచు వాలు మీంచి బారుగా జారుకుంటూ వచ్చి, నిలువుగా కట్టిన మంచు దిబ్బ మీంచి ఆకాశంలోకి లేచి, పల్టీలు కొట్టి, మళ్ళీ కాళ్ళ మీద దిగాలి. దానికి మంచు మీద జారడం కన్నా గాల్లో తిరగడం ఎక్కువ తెలిసి ఉండాలి. చిన్నప్పటి నుంచి దోహాలోనే జిమ్నాస్టిక్స్ నేర్చుకున్నదాన్ని కాబట్టి ఆ తిరగడం నాకు వచ్చు. మా కోచ్ గలీనా తన దేశంలో ఆ ఆట ఆడి, మోకాళ్ళు పాడయ్యాక, పిల్లలకు పల్టీలు నేర్పే ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చింది. ఒకరోజు నన్ను ట్రాంపొలిన్ మీద చూసి, మా నాన్నను పిలిచి, "మీ ఇండియా తరఫున ఈ ఆట ఆడే అమ్మాయిలు లేరు. ఈమె ఒలింపిక్స్‌కు వెళ్ళగలదు," అని చెప్పేసింది. ఆ ఒక్క మాట మా ఇంటి గోడలకు సున్నం వేసినట్టు పట్టేసింది. కాకినాడలో మా పెద్దమ్మకు ఫోన్ చేసి చెబితే, "దుబాయిలో మంచేంటే, నీ మొహం!" అంది. ఆవిడకు గల్ఫ్ అంతా దుబాయే. నిజానికి దుబాయ్‌లో అప్పుడే కొత్తగా మాల్ లోపల మంచు కొండ కట్టారు, సెలవులు దొరికినప్పుడల్లా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్ళి జారడం నేర్పించేవాడు. ఆ సంగతి పెద్దమ్మకు ఎంత చెప్పినా నమ్మలేదు.

నాన్న పెద్ద పెద్ద భవనాలను చల్లబరిచే ప్లాంటులో ఇంజినీరు. పైపులు, పంపులు, కంప్రెసర్లు తప్ప ఆయనకు వేరే లోకం లేదు. అమ్మ ఒక క్లినిక్‌లో ఎక్స్‌రే టెక్నీషియన్. రోజంతా విరిగిన ఎముకలు చూసి ఇంటికి వచ్చేది. మిగతా తల్లుల భయానికి ఒక ఆకారం ఉండదు, మా అమ్మ భయానికి మాత్రం పేరూ ఊరూ ఉండేవి. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చెప్పులు విడవకముందే నన్ను దగ్గరికి లాక్కుని, మెడ వెనక పూసలు ఒక్కొక్కటీ వేలితో తడిమేది. తర్వాత భుజం ఎముక, తర్వాత మోచెయ్యి. "ఇవాళ ఒకాయన వచ్చాడు. నిచ్చెన మీంచి పడ్డాడట. అంత ఎత్తు కూడా కాదు," అని మొదలుపెట్టేది. నాన్న టీవీ గొంతు పెంచేవాడు. అమ్మ ఆ చప్పుడు మీదుగా మిగతాది చెప్పేది.

శుక్రవారం మా ఇంటికి పరీక్ష రోజు. పొద్దున్నే అమ్మ ఉప్మా చేసి స్టీలు డబ్బాలో పెట్టేది, ఆ ఉప్మాలో జీడిపప్పు ఎంత ఎక్కువుంటే ఆ వారం ఆవిడ భయం అంత ఎక్కువని నాకు లెక్క. నాకు తల దువ్వి బిగించి జడ వేసి, హాల్లో తూర్పుగా నిలబెట్టి, ఉప్పూ ఎండుమిరపకాయలతో దిష్టి తీసేది. తీసినవి స్టవ్ మీద వేస్తే పొగ వస్తుంది, ఆ పొగకు సీలింగులో ఉన్న అలారం కూస్తుంది. అందుకని నాన్న కుర్చీ ఎక్కి అలారం మీద షవర్ క్యాప్ తొడిగి పట్టుకుని నిలబడేవాడు. "తొందరగా కానీవే, చెయ్యి లాగేస్తోంది," అనేవాడు. ఇదంతా తమాషాగా చెబుతున్నాను కానీ ఆ నిమిషంలో మా ముగ్గురిలో ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. మిరపకాయల ఘాటుకు దగ్గు రాకపోతే గట్టి దిష్టి తగిలినట్టని అమ్మ నమ్మకం. నేను దగ్గు రాకపోయినా దగ్గేదాన్ని.

తర్వాత కారెక్కి ఉత్తరం వైపు పోయేవాళ్ళం. ఒక ఖతారీ పెద్దాయన భవనాల ఏసీ యంత్రాలను నాన్న కంపెనీయే చూసేది. ఆయనకు అక్కడ మజ్రా, అంటే పొలం, ఉండేది. ఖర్జూరపు చెట్లకు నీళ్ళు పెట్టుకునే పెద్ద లోతైన నీళ్ళ తొట్టి ఒకటి ఉండేది అందులో. మంచు లేని కాలంలో ఈ ఆట ఆడేవాళ్ళు నీళ్ళలోకి దూకి నేర్చుకుంటారు. ఎత్తుగా ర్యాంపు కట్టి, దాని మీద ప్లాస్టిక్ కుచ్చుల చాప పరిచి, నీళ్ళతో తడిపి, స్కీలు వేసుకుని జారి, గాల్లో తిరిగి, నీళ్ళలో పడతారు. నాన్న ఆ ర్యాంపును పరంజా గొట్టాలతో, చెక్కలతో తొట్టి పక్కన కట్టించాడు. పెద్దాయన అడ్డు చెప్పలేదు సరికదా, మొదటిసారి నన్ను పైన చూసి, "యల్లా, బిన్తీ!" అని, కానివ్వు తల్లీ అన్నట్టు అరిచి, నేను నీళ్ళలో పడేలోపల ముఖం చేతులతో కప్పుకుని లోపలికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ చూడ్డానికి రాలేదు. ఆయన ఇంటి డ్రైవర్ ఓబులేసు మాత్రం వచ్చేవాడు. కడప మనిషి. చాపకు నీళ్ళు పట్టే పని తనంతట తనే నెత్తిన వేసుకున్నాడు. "ఏం ఆట పాపా ఇది! ఆడేదానికి నీకేమో గానీ, సూసేవోళ్ళకు పానాలు పోతాండాయి," అనేవాడు.

నీళ్ళ అడుగున నాన్న గొట్టాలు పరిచి కంప్రెసర్‌తో గాలి పంపేవాడు. బుడగలు కలిస్తే నీళ్ళు మెత్తబడతాయి, వీపు మీద పడ్డా దెబ్బ తగ్గుతుంది. కానీ ఆ బుడగల్లో మనిషి తేలడు, మునుగుతాడు. అందుకే నాకు ఎప్పుడూ లైఫ్ జాకెట్ ఉండేది. ఆ కంప్రెసర్ మొదలైన చప్పుడు వింటేనే నా నోరు ఎండిపోయేది. మెట్లెక్కి పైకి వెళ్తే చుట్టూ ఎటు చూసినా తెల్లటి ఎండ, కింద ఉడుకుతున్న అన్నంలా బుడగలు. గలీనా కింద అంచున నిలబడి చెయ్యి ఎత్తేది. ఆమె చెయ్యి దించితే నేను కదలాలి. ఆ చెయ్యి ఎత్తి ఉన్నంతసేపూ, ఏదో ఒకటి జరిగి ఇవాళ్టికి ఆగిపోతే బాగుండునని మొక్కుకునేదాన్ని. ఒలింపిక్స్ కావాలనీ మొక్కుకునేదాన్ని. రెండూ ఒకే దేవుడికి.

గాల్లో తిరుగుతున్నవాళ్ళకు పైనేదో కిందేదో తెలియదు. అందుకని ముడుచుకున్న ఒళ్ళు ఎప్పుడు విప్పాలో కింద నుంచి కోచ్ కేక వేస్తుంది. ఆ కేకకు ఒళ్ళు తనంతట తను విచ్చుకోవాలి, ఆలోచించే వ్యవధి ఉండదు. ఒక పల్టీ నాకు బాగానే వచ్చింది. రెండు పల్టీల దగ్గర ఆగిపోయాను. గలీనా దగ్గర ఒకటే చట్టం. నీళ్ళలో తన కళ్ళ ముందు శుభ్రంగా చేయని పల్టీని మంచు మీద చేయనివ్వదు. ఆ చలికాలం యూరప్‌లో శిబిరం ఉంది, దాని తర్వాత పోటీలు, ఆ పోటీల్లో తెచ్చుకున్న పాయింట్ల మీదే ఒలింపిక్స్. రెండు పల్టీలు లేకుండా అక్కడికి వెళ్ళి లాభం లేదు. ఎండలు తగ్గేలోపల నేను నీళ్ళలో అది చేసి చూపించాలి. చేయకపోతే ఇంకో నాలుగేళ్ళు ఆగాలి, ఆలోపల ఆమె కాంట్రాక్టు అయిపోతుంది.

అమ్మ అప్పటిదాకా నేను దూకడం ఒక్కసారి కూడా చూడలేదు. ప్రతి శుక్రవారం మాతో వచ్చేది, కానీ కారులోనే ఏసీ వేసుకుని, కళ్ళు మూసుకుని, ఏవో స్తోత్రాలు చదువుకుంటూ కూర్చునేది. కంప్రెసర్ ఆగితే అయిపోయిందని గుర్తు. అప్పుడు దిగి వచ్చి, తడి ఒంటితోనే నన్ను నిలబెట్టి మెడ తడిమేది. ఒక శుక్రవారం మాత్రం ఎందుకో కారు దిగింది. తర్వాత అడిగితే, ఎప్పటికన్నా ఎక్కువసేపు కంప్రెసర్ ఆగలేదని, ఇక కూర్చోలేక దిగానని చెప్పింది. ఎక్కువసేపు ఆగకపోవడానికి కారణం, నేను పైన నిలబడి కదలకపోవడమే. గలీనా చెయ్యి దించింది, నేను కదల్లేదు. మళ్ళీ ఎత్తి దించింది. చివరికి కదిలాను. ర్యాంపు అంచు దాటాను, మొదటి పల్టీ అయింది, రెండోది సగంలో ఉండగా అమ్మ గొంతు వినిపించింది.

"మేఘా!"

నా పేరు మేఘన. ఇంట్లో మేఘా. పుట్టినప్పటి నుంచి ఆ గొంతు ఆ పేరు పిలిస్తే నేను చేస్తున్న పని వదిలేసి తల తిప్పడమే అలవాటు. గాల్లో కూడా అదే చేశాను. ఒళ్ళు విప్పేశాను, తల అటు తిప్పాను. చివరగా కనిపించింది స్టీలు డబ్బా పట్టుకుని నిలబడ్డ అమ్మ, తలకిందులుగా. వీపూ మెడా ఒక్కసారే నీళ్ళకు తగిలాయి.

ఊపిరి పోయింది. జాకెట్ నన్ను పైకి తేల్చింది కానీ చెయ్యీ కాలూ ఆడలేదు. చచ్చిపోయాననే అనుకున్నాను. చచ్చిపోతే ఇంత ఎండ కొడుతుందా అనిపించింది. ఒడ్డున గలీనా తన భాషలో అరుస్తోంది. అప్పుడు పక్కన ఇంకో చప్పుడు. అమ్మ దూకేసింది. ఈత రాదు, బుడగల సంగతి తెలియదు, కూతురు కదలడం లేదని దూకేసింది. అంతే, మనిషి కనిపించలేదు. ఆకుపచ్చ చున్నీ ఒకటి బుడగల మీద తిరుగుతోంది. నాన్న కంప్రెసర్ ఆపి పరిగెత్తుకొస్తున్నాడు. నాకు ఊపిరి ఎలా వచ్చిందో తెలియదు. స్కీలు తన్నేసి, చున్నీ పట్టుకుని లాగితే ఖాళీ చున్నీ వచ్చింది. నా జీవితంలో అంతకన్నా భయపడింది లేదు, ఇకముందు కూడా ఉండదు. మళ్ళీ చెయ్యి లోపలికి పెట్టి వెతికితే జడ దొరికింది. చేతికి చుట్టుకుని లాగాను. నాన్న, ఓబులేసు కలిసి మా ఇద్దరినీ ఒడ్డుకు చేర్చారు. అమ్మ నీళ్ళు కక్కుకుని, కళ్ళు తెరిచి, అన్నిటికంటే ముందు నా మెడ వెనక చెయ్యి పెట్టింది. ఓబులేసు తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటూ, "ఇంగ సాలు తల్లీ, సాలు," అని ఏడ్చేశాడు.

తిన్నగా అమ్మ పనిచేసే క్లినిక్‌కే వెళ్ళాం. డాక్టరు రాసిస్తే అమ్మ తడి బట్టల మీద కోటు వేసుకుని తనే నా వెన్నుకు ఎక్స్‌రే తీసింది. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. ఫిల్మ్ వెలుతురు మీద పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. డాక్టరు చెప్పకముందే, "ఏం లేదు," అంది. అని, అక్కడే నేల మీద కూర్చుని, ఇంటికి తీసుకెళ్ళేదాకా ఏడ్చింది. ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నతో, "ఇక ఆ మాట ఈ ఇంట్లో వినపడకూడదు," అంది. నాన్న తలూపాడు. నేను కూడా ఊపాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఆ హాయి రెండు రోజులు కూడా నిలవలేదు. ట్రాంపొలిన్ ఎక్కితే మోకాళ్ళు వంగడం లేదు. స్కూల్లో మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటున్నాను. రోడ్డు దాటలేక ఇవతలే నిలబడిపోతున్నాను. ఒక్క ఆటలో ఉన్న భయం ఊరంతా పాకింది.

గలీనా ఇంటికి వచ్చింది. అమ్మ ముఖం ముడుచుకునే టీ ఇచ్చింది. గలీనా రెండు చెంచాల పంచదార అదనంగా వేసుకుని, తన ముక్కల ఇంగ్లిష్‌లో నిదానంగా చెప్పింది. "నేను ఏడాదిగా అరుస్తున్నా ఈ పిల్ల ఒళ్ళు సగమే వింటోంది. నువ్వు ఒక్కసారి పిలిస్తే పూర్తిగా విన్నది. తప్పు సమయంలో పిలిచావు, అంతే. సరైన సమయంలో నువ్వే పిలువు."

"నేనా? నేను చూడనే చూడలేను," అంది అమ్మ.

"అదే కదా జరిగింది," అంది గలీనా. "ఎప్పుడూ చూడలేదు. మొదటిసారి చూశావు, అరిచావు. పిలిచేవాళ్ళు కళ్ళు మూయకూడదు."

అమ్మ టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు కూరలో ఉప్పు మరిచిపోయింది. మూడో నాడు నా జడ వేస్తూ వెనక నుంచి అంది. "కొత్తగా చేరినవాళ్ళు ప్రమాదం కేసు వస్తే మొహం తిప్పుకుంటారు. నేనే తిట్టి చూపిస్తాను, చూడకపోతే ఏం విరిగిందో ఎలా తెలుస్తుందీ అని. నీ దగ్గరికొచ్చేసరికి కారులో కూర్చున్నాను. నేను చూడకపోతే నీకేమీ కాదన్నట్టు." దువ్వెన ఆగింది. "మెట్లు దిగడానికి భయపడే పిల్లని నేనేం చేసుకోనే? పద. చూస్తాను."

ట్రాంపొలిన్ హాల్లో మొదలుపెట్టారు. పిలుపు పొట్టిగా ఉండాలంది గలీనా. అమ్మ ఆలోచించి, "రా" అంటానంది. బడి నుంచి, బాల్కనీ నుంచి, స్నేహితురాలి ఇంటి నుంచి, అన్నిచోట్ల నుంచీ నన్ను ఆ మాటతోనే పిలిచేది. గలీనా అమ్మ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసేది. నేను గాల్లో తిరుగుతుంటే సరైన క్షణంలో ఆ భుజం తట్టేది, అమ్మ "రా!" అనేది. మొదట్లో తట్టకముందే అరిచేది, లేదా తట్టాక కూడా ఆలస్యం చేసేది. ఇంటికి వచ్చి వంట చేస్తూ చేస్తూ ఉన్నట్టుండి "రా!" అని అరిస్తే నాన్న చేతిలో పేపర్ జారిపోయేది. కొన్నాళ్ళకు గలీనా భుజం తట్టడం మానేసింది. అమ్మకే తెలిసిపోయింది. ఎముకలు చూసి చూసి, ఒళ్ళు ఏ వంపులో ఉందో ఆ కళ్ళకు ఇట్టే అందేది.

మళ్ళీ మజ్రాకు వెళ్ళిన శుక్రవారం ఉప్మాలో జీడిపప్పే ఉంది, రవ్వ కనిపించలేదు. పైన నిలబడి చూస్తే తొట్టి అంచున అమ్మ. ఒంటికి నారింజరంగు లైఫ్ జాకెట్. నాన్న బలవంతంగా తొడిగించాడు. గలీనా చెయ్యి ఎత్తింది. ఈసారి ఏదో జరిగి ఆగిపోవాలని నేను మొక్కుకోలేదు. కింద ఉన్న ఆ మనిషి కళ్ళు తెరిచి ఉంచాలని మాత్రం మొక్కుకున్నాను. చెయ్యి దిగింది. నీళ్ళ చప్పుడు, అంచు, ఆకాశం, నీళ్ళు, ఆకాశం. ఎక్కడున్నానో తెలియని ఆ చీకట్లోకి ఒకే ఒక్క మాట వచ్చింది.

"రా!"

విచ్చుకున్నాను. కాళ్ళు ముందు తగిలాయి నీళ్ళకు. పైకి తేలి చూస్తే గలీనా రెండు చేతులూ ఎత్తి ఉంది. అమ్మ మాత్రం అలాగే నిలబడి, రెప్ప వేయకుండా నా మెడ వైపే చూస్తోంది. గలీనాకు చాలు అనిపించేదాకా ఆ సాయంత్రం మళ్ళీ మళ్ళీ చేశాను, ప్రతిసారీ అంతే భయంతో.

ఆ తర్వాతది చెప్పడానికి నాకు పెద్ద ఉత్సాహం లేదు. శిబిరానికి అమ్మకు సెలవు దొరకలేదు. మంచు మీద గలీనాయే "రా" అని అరిచేది, తన యాసలో. దానికీ దిగాను. రెండు చలికాలాలు పోటీల్లో తిరిగాను, చాలాసార్లు నిలబడే దిగాను, కొన్నిసార్లు పడ్డాను. పాయింట్లు చాలలేదు. ఒలింపిక్స్ మొదలైన రోజు మేం ముగ్గురం ఈ అల్ సద్ ఫ్లాట్లోనే సోఫాలో కూర్చుని టీవీలో చూశాం. బాధ పడలేదంటే అబద్ధం. ఏళ్ళ తరబడి పడ్డాను. తర్వాత మోకాలు పాడవడంతో ఆటే ఆగిపోయి, ఇంకోసారి ప్రయత్నించి బాధ పడే అవకాశం కూడా లేకుండా పోయింది.

ఫ్లాటు తాళాలు ఇచ్చేసిన రోజు కారు నిండా సామాను. నాన్న దాంతో వెళ్ళిపోయాడు. అమ్మా నేనూ మెట్రోలో వెళ్దామనుకున్నాం. బూట్లు కారులో పెట్టనివ్వలేదు అమ్మ, వాటిని సూపర్ మార్కెట్ సంచిలో వేసుకుని నేనే మోస్తున్నాను. మేము ఈ వీధుల్లోకి వచ్చినప్పుడు మెట్రో లేదు, మజ్రాకు వెళ్ళే దారిలో ఇన్ని ఇళ్ళూ లేవు. ఇప్పుడు మాల్‌లో టికెట్ కొనుక్కుని పసిపిల్లలు కూడా మంచులో ఆడుకుంటున్నారు. స్టేషన్‌లో లిఫ్టు దగ్గర తోపుడు బళ్ళలో పిల్లలతో తల్లులు వరస కట్టి ఉన్నారు. "వాళ్ళని పోనీ," అని అమ్మ ఎస్కలేటర్ వైపు నడిచి, అంచుకు వచ్చి ఆగిపోయింది. మెట్లు ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చి కిందికి పోతున్నాయి. విరిగి అతికిన మణికట్టును గుండెకు అదుముకుంది. చెయ్యి పట్టుకోబోతే విదిలించింది. "పట్టుకోకు, ఇద్దరం పడతాం. నువ్వు దిగు. నేను వస్తాను."

దిగాను. కింద నిలబడి వెనక్కి చూస్తే, పైన అంత ఎత్తున చిన్న మనిషి. జనం పక్కనుంచి తప్పుకుని వచ్చేస్తున్నారు. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. నా అరికాళ్ళు చల్లబడ్డాయి. సంచి కింద పెట్టేశాను.

"అమ్మా, కళ్ళు తెరువు!"

తెరిచింది. మెట్లను చూడలేదు, నన్ను చూసింది. ఒక మెట్టు బల్లపరుపుగా పుట్టి, అంచు విడివడబోయే క్షణం కోసం ఆగాను.

"రా!" అన్నాను, స్టేషనంతా వినిపించేలా.

అమ్మ కాలు వేసింది. ఆవిడ కిందికి చేరేదాకా నేను రెప్ప వేయలేదు.